తోముకోని నోరు, అంటుకోని కణాలు

పాథాలజీలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అందరూ ఒకే ప్రశ్న వేస్తారు. "మేడమ్, మీ సర్వీసులో మీరు సాధించిన పెద్ద విజయం ఏమిటి?" ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. పాథాలజిస్టు సాధించేదేమీ ఉండదమ్మా. ఉన్నది ఉన్నట్టు చూడాలి, చూసింది భయపడకుండా చెప్పాలి, ఎదుటివాళ్లు వినకపోతే వినేదాకా చెప్పాలి. నా ఉద్యోగమంతా ఈ మూడు పనులే. మూడోది నాకు బాగా వచ్చు.

అందుకని ప్రమోషన్లు, బదిలీలు, కమిటీల సంగతి ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లకంటే ముందు నాకే నిద్రొస్తుంది. అరవైల చివర్లో టెక్కలి దగ్గర ఒక చిన్న ధర్మాసుపత్రిలో చేసిన మొదటి ఉద్యోగం గురించి రాస్తాను. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. అక్కడ నేర్చుకున్నదాంతోనే మిగతా సర్వీసంతా నెట్టుకొచ్చాను.

ఎర్ర మచ్చ

మాది టెక్కలే. నాన్నగారు అర్చకులు. నేను విశాఖపట్నంలో డాక్టరీ చదివి, ఆపైన పాథాలజీ చేసి తిరిగొచ్చాను. ఆడ డాక్టరంటే పురుళ్లు పోసేదని మా వాళ్లందరి నమ్మకం. మైక్రోస్కోపు ముందు కూర్చునే ఉద్యోగమని చెబితే మా పెద్దమ్మ మొహం మాడ్చుకుంది. "రోగిని ముట్టుకోని డాక్టరేమిటే, నీ చదువు తగలెయ్య!" అంది. ఆవిడ తిట్టులో ఎంత నిజముందో తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది.

మా ల్యాబు ఆసుపత్రి వెనక ఒక చిన్న గది. మైక్రోస్కోపుకి కింద అద్దం ఉండేది. కిటికీలోంచి వచ్చే వెలుతురును దాంతో పట్టి స్లైడు మీదికి తిప్పుకోవాలి. మబ్బు పడితే పని ఆగిపోయేది. నాకు వచ్చే స్లైడుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ల నోళ్లవే.

కారణం అడ్డపొగ. మా వైపు ఆడవాళ్లు చుట్ట వెలిగించి, నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. బయటి ఊళ్లనుంచి వచ్చినవాళ్లు చూసి నోరు వెళ్లబెట్టేవాళ్లు. మాకది వింత కాదు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. నిప్పు లోపలుంటే మావగారి కంటా పడదు. జీడిపిక్కలు ఏరేటప్పుడూ, కొబ్బరి పీచు తీసేటప్పుడూ, వరి నాట్లలోనూ అది నోట్లో ఉండాల్సిందే. ఆ వేడికి అంగిలి ఏళ్ల తరబడి కాగి తెల్లగా, మందంగా తయారవుతుంది. చాలామందికి అక్కడితో ఆగుతుంది. కొందరికి ఆ తెలుపు మధ్యలో ఎర్ర మచ్చ లేస్తుంది. అది పుండవుతుంది. ఆ క్యాన్సర్ పుండునే పెద్దవాళ్లు రాచపుండనేవారు. దాన్ని పుండు కాకముందే పట్టుకోవడం కోసమే నన్ను అక్కడ పెట్టారు.

పెద్దాయన

మా సర్జన్ నరసింగరావుగారు. ఆసుపత్రిలో అందరూ పెద్దాయన అనేవాళ్లం. కోపిష్టి. అయితే కత్తి పట్టుకుంటే మాత్రం ఆయన చెయ్యి చూడముచ్చటగా ఉండేది. ఆయనకు ఒక నియమం ఉండేది. స్లైడులో క్యాన్సర్ కనిపిస్తేనే అంగిలి మీద కత్తి పెడతారు. కనిపించకపోతే చిన్న ముక్క కూడా తియ్యరు.

అది మొండితనమని నేను మొదట్లో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన కుర్రతనంలో, ఇంకో ఊళ్లో, ఒక పెద్ద డాక్టరు కంటితో చూసి క్యాన్సరని తేల్చి ఒకావిడ అంగిలి సగం తీసేశాడట. తర్వాత చూస్తే అది మామూలు పుండు. ఆవిడ మళ్లీ సరిగ్గా మింగలేకపోయింది, మాట్లాడలేకపోయింది. పక్కన నిలబడి కత్తెర అందించింది మా పెద్దాయనే. ఆ దెబ్బ ఆయన మనసులోంచి పోలేదు.

దానికి తోడు ఇంకో భయం. పుండు మీద కత్తి పడితే కణాలు చెదిరి ఒళ్లంతా పాకుతాయని ఆ రోజుల్లో చాలామంది సర్జన్లకు అనుమానం ఉండేది. ఊళ్లలో జనం కూడా సరిగ్గా అదే అనేవాళ్లు. అందుకని ముందు కత్తి లేకుండా పుల్లతో అంగిలిని గీసి, వచ్చినదాన్ని గాజు పలక మీద పూసి, రంగువేసి నేను చూడాలి. నాకు చెడ్డ కణాలు కనిపిస్తే ఆయన ముక్క తీస్తారు. ముక్కలో కూడా తేలితే ఆపరేషన్. పద్ధతి మంచిదే. ఇప్పటికీ మంచిదనే అంటాను.

పట్టు వదిలిన కణం ఎక్కడికి పోతుంది

ఇక్కడ కాస్త చదువు చెబుతాను, విసుక్కోకండి.

చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసర్ ఒకసారి కోడిగుడ్డులోని పిండం నుంచి చిన్న ముక్క తీసి, ట్రిప్సిన్ కలిపిన నీళ్లలో వేశారు. ట్రిప్సిన్ అంటే మాంసకృత్తుల్ని, అంటే ప్రొటీన్లని అరిగించే రసం. కాసేపటికి గట్టి ముక్క కాస్తా విడిపోయి కణాలు ఒక్కొక్కటిగా తేలాయి. కణాలు చావలేదు. వాటి మధ్య ఉన్న బంధమే పోయింది. "కొబ్బరుండలో బెల్లం పాకం తీసేస్తే కోరు కోరుగా రాలదూ? ఇదీ అంతే. ఇక్కడ పాకం ప్రొటీను," అన్నారాయన. కణం పైనుండే ప్రొటీన్లే పక్క కణాన్ని పట్టుకుని ఉంచుతాయని నాకు ఆరోజు అర్థమైంది. ఏ ప్రొటీనో, ఎలా పట్టుకుంటుందో అప్పటికి మాకెవరికీ తెలియదు. క్యాన్సర్ కణాలకు ఈ పట్టు బాగా తక్కువన్నది మాత్రం పుస్తకాల్లో ఉండేది. గాజు గిన్నెలో పెంచితే మంచి కణాలు ఒకదానికొకటి తగలగానే ఆగిపోతాయనీ, చెడ్డవి ఆగకుండా ఒకదాని మీదుగా ఒకటి పాకుతాయనీ ఉండేది.

నా పుల్ల పరీక్ష నిలబడింది ఈ ఒక్క సంగతి మీదే. మంచి అంగిలిని గీస్తే పైనున్న చచ్చిన పొలుసులు నాలుగు వస్తాయి. చెడ్డచోట గీస్తే కణాలు కుప్పగా ఊడి వస్తాయి. అవి వదులుగా ఉండడమే రోగం, అదే నాకు ఆనవాలు.

వదులైన కణం నోట్లోకి రాలితే నాకు దొరుకుతుంది. లోపలివైపు దిగితే ఏమవుతుందో నిమ్మాడ నుంచి వచ్చిన ఒకావిడ చూపించింది. ఆవిడ మెడ పక్కన గడ్డతో వచ్చింది. ఇంట్లోవాళ్లు దానికి రోజూ ఆముదం రాసి మర్దనా చేశారు. గడ్డలోంచి సూదితో తీసి చూస్తే అంగిలి కణాలు కనిపించాయి. నోట్లో పుట్టినవి మెడలో కాపురం పెట్టాయన్నమాట. నోరు తెరిచి చూస్తే లోపల పాత పుండు ఉంది, అప్పటిదాకా ఎవరూ చూడలేదు. పెద్దాయన చేతులెత్తేశారు. ఆవిడ ఆ వర్షాకాలం దాటలేదు. ఆవిణ్ణి నేను మర్చిపోలేను. తర్వాత వచ్చిన ప్రతి రోగి విషయంలో నాకు మొండితనం పెరగడానికి ఆవిడే కారణం.

తవుడమ్మ

తవుడమ్మది కవిటి వైపు ఒక పల్లె. కొబ్బరి, జీడి తోటలున్న రైతు కుటుంబం. సన్నగా, పొడుగ్గా, గట్టిగా ఉండేది. నవ్వితే ఆసుపత్రి వరండా అంతా వినిపించేది. భర్త కూర్మయ్య, కోడలు చామంతి వెంట వచ్చారు. చామంతి కొత్త కోడలు. మావగారున్నచోట తలెత్తేది కాదు.

తవుడమ్మ అంగిలి నేనే చూశాను. తెల్లటి మందం మధ్యలో ఎర్ర మచ్చ, ఒక అంచు వేలికి గట్టిగా తగిలింది. మెడ తడిమాను. గడ్డల్లేవు. ఇంకా దిగలేదు, వేళకే వచ్చిందని నాకు సంతోషమేసింది. పుల్లతో గీసి స్లైడు చేశాను. చూస్తే ఏమీ లేదు. కాసిని పొలుసులు, కాస్త రక్తం. మళ్లీ పిలిపించి గీశాను. మళ్లీ అంతే. మూడోసారి పుల్ల గట్టిగా నొక్కి గీశాను. అప్పుడూ అంతే.

నా కంటికి అది క్యాన్సర్. నా స్లైడుకి కాదు. పెద్దాయన దగ్గరికెళ్లి ముక్క తియ్యమని అడిగాను.

"నీ కన్ను ఒకటి చెబుతోంది, నీ మైక్రోస్కోపు ఒకటి చెబుతోంది. నన్ను దేన్ని నమ్మమంటావమ్మా?" అన్నారాయన.

"రెండింటినీ నమ్మకండి సార్. ముక్క తీసి అప్పుడు నమ్మండి."

"స్లైడులో లేనిదాని మీద నేను కత్తి పెట్టను. ఆ సంగతి నీకు తెలుసు."

"ఆ అంచు గట్టిగా ఉంది. నెలలు గడిస్తే మెడలోకి దిగుతుంది."

"దిగుతుందని నీకెలా తెలుసు? తీసేశాక ఏమీ లేదని తేలితే ఆవిడ మాట ఎవరు తెచ్చిస్తారు? నువ్వా?"

 ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు. వరండాలోకి వచ్చేసరికి కూర్మయ్య సంచి సర్దేశాడు.

"ఏటీ లేదని మూడుసార్లు సెప్పినారు కదమ్మా. ఇంకెందుకు తిప్పుతన్నారు? పిక్కలేరే కాలం. కత్తెడితే పాకిపోద్దని మా ఊర్లో అందరికీ తెలుసు. మేం ఎల్లిపోతాం," అన్నాడు.

తవుడమ్మ నవ్వి నా గడ్డం పుచ్చుకుంది. "బెంగెట్టుకోకు తల్లీ. నాకేటీ అవదు," అంది. వాళ్లు బస్సెక్కి వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు తర్వాత కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. కన్ను చూసిందాన్ని స్లైడు ఎందుకు చూపించడం లేదు? పైనున్న మందం పొర అడ్డొస్తోందా అనుకున్నాను. కానీ ఎర్రగా ఉన్నచోట ఆ మందం లేదే! వదులుగా ఉండాల్సిన కణాలు ఎక్కడికి పోతున్నాయి?

పిక్కలేరే కాలంలో

ఆ తర్వాత వాళ్లు రాలేదు. రమ్మని కబురు పంపినా రాలేదు. ఒక సెలవు రోజు పుల్లలు, గాజు పలకలు, కణాలు చెడకుండా ఈథరూ ఆల్కహాలూ కలిపిన సీసా సంచిలో వేసుకుని నేనే బయల్దేరాను. పలాసలో ప్యాసింజరెక్కి కంచిలి దగ్గర దిగి, అక్కణ్ణుంచి బండి కట్టించుకున్నాను. ఇంట్లో చెబితే వెళ్లనివ్వరని చెప్పలేదు.

వెళ్లేసరికి తవుడమ్మ జీడిచెట్ల కింద కూర్చుని పండు నుంచి పిక్క మెలితిప్పి వేరు చేస్తోంది. పెదాలు బిగించి ఉన్నాయి. బుగ్గలు లోపలికి పోయి వస్తున్నాయి. ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది. నన్ను చూడగానే చుట్ట తీసి పారేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో నా తల్లీ! సెప్పకండా వచ్చీసినావేటి? ఒలే సామంతీ, డాక్టరమ్మకి మంచం ఎయ్యే! ఎండన పడొచ్చింది. బొండాం కొట్టమను మీ మావని."

"బొండాలు తర్వాత. ముందు నోరు చూపించు తవుడమ్మా. దానికోసమే వచ్చాను."

"ఇప్పుడా? ఉండమ్మా, సిటికెలో తోముకొత్తాను."

పెరట్లోకి పోయి పొయ్యిలోంచి గుప్పెడు బుగ్గి తీసింది. దాంట్లో ఉప్పు కలిపింది. కొబ్బరి పీచు ఉండ చేసి వేలికి చుట్టుకుంది. నేను మంచం మీద కూర్చుని చూస్తున్నాను. మామూలుగా పళ్లు తోముకుంటుందనుకున్నాను. ఆ వేలు పళ్ల మీదికి పోలేదు. తిన్నగా అంగిట్లోకి పోతోంది.

"ఆగు!" అని కేకేసి పరుగెత్తాను. చెయ్యి పట్టుకున్నాను. పీచు ఇంకా అంగిలికి తగల్లేదు. "ఆసుపత్రికి వచ్చేటప్పుడు కూడా ఇలాగే తోముకుంటావా?"

జవాబు చామంతి చెప్పింది, కిసుక్కున నవ్వుతూ. "ఇలాగేటమ్మా? ఆసుపత్రికంటే రగతం వచ్చీదాకా తోముతాది. బస్సు దిగినాక మళ్లీ తోముతాది. డాక్టరమ్మకి సుట్టకంపు కొట్టకూడదంట."

 నేను వెతుకుతున్న కణాలన్నీ ఎక్కడికి పోతున్నాయో అప్పుడు తెలిసింది. మంచి కణాలైతే ఆ తోముడుకు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడేవి. ఈ వదులువి బూడిదతో, రక్తంతో కలిసి ఉమ్ములో పోయేవి. ఆ తర్వాత వచ్చి నేను గీస్తే కాసిని పొలుసులు గాక ఇంకేం దొరుకుతాయి? నా మీద గౌరవంతో, నన్ను ఇబ్బంది పెట్టకూడదని, తవుడమ్మ తన రోగాన్ని ప్రతిసారీ శుభ్రంగా తోమి పారేసి నా ముందుకు వచ్చింది.

"తోముకోవద్దు. ఇలాగే తెరువు," అన్నాను.

తవుడమ్మ బిక్కచచ్చిపోయింది. "ఇలాగా? ఈ నోరా? నువ్వు పంతులుగారి బిడ్డవి. తెల్లారగట్ట తానం సేసి వచ్చినదానివి. నీ మొకం మీద ఈ కంపు ఒగ్గీమంటావా? సచ్చినా తెరవను."

"అయితే నేనూ కదలను."

నిజంగానే ఆ జీడిచెట్టు కింద చతికిలబడ్డాను. ఇరుగుపొరుగు చేరారు. కూర్మయ్య బొండాలు పట్టుకొచ్చి, సంగతి విని, ఎవరి వైపు మాట్లాడాలో తెలియక నిలబడిపోయాడు. తవుడమ్మ కొంగు తియ్యదు. నేను లేవను. ఎండ తిరిగింది. బతిమాలాను, కసురుకున్నాను. పంతులుగారి బిడ్డనైతే నా మాటకి విలువెందుకు లేదని దెప్పాను. ఏదీ పని చెయ్యలేదు. చివరికి, రోగికి చెప్పకూడదని మా చదువు నేర్పిన సంగతే చెప్పాను.

"విను తవుడమ్మా. ఆ మచ్చలో ఉన్నవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉండవు. పైవాటిని నువ్వు పీచుతో ఊడ్చేస్తున్నావు. అందుకే నాకు దొరకడం లేదు, పెద్ద డాక్టరు నమ్మడం లేదు. లోపలివి కూడా అంతే వదులు. వాటిని నువ్వు ఊడ్చలేవు. అవి మెడలోకి దిగుతాయి. దిగాక నేనొచ్చి నీ కాళ్లు పట్టుకున్నా లాభం లేదు."

తవుడమ్మ చెయ్యి తన మెడ మీదికి పోయింది. 

"మా అప్పకి అలాగే దిగింది," అంది. "మెడంతా గడ్డలు. నానే నూని రాసినాను."

చామంతిని లోపలికి పొమ్మంది. భర్తకు వీపు పెట్టి కూర్చుంది. కొంగు తీసి, కళ్లు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది. కంపు కొట్టింది, ఎందుకు అబద్ధం చెప్పాలి. పొగాకు, బూడిద, పుండు కలిసిన వాసన. నేను ఊపిరి బిగబట్టలేదు. బిగబడితే ఆవిడకి తెలిసిపోతుంది. ఎర్ర మచ్చ మీద పుల్ల అలా ఆనించానో లేదో, మీగడలా తెల్లగా అంటుకుని వచ్చింది.

ఒక మంచి పై అధికారి

మర్నాడు కిటికీ వెలుతురులో స్లైడు పెట్టి, పెద్దాయన్ని పిలిచి నా కుర్చీలో కూర్చోబెట్టాను. పలక నిండా కణాలు. ఒకదానికొకటి తగలకుండా, ఎవరికివారు విడివిడిగా, పెద్ద పెద్ద నల్లటి కేంద్రకాలతో. ఆయన చాలాసేపు చూశారు.

"ఇది ఆవిడదేనా?"

"ఆవిడదే సార్. తోముకోకముందు తీసింది."

జరిగిందంతా చెప్పాను. చెప్పకుండా ఒక్కదాన్నే ఊళ్లు పట్టుకు తిరిగినందుకు తిట్లు తప్పవనుకున్నాను. ఆయన తిట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మనం ఏమీ లేదని పంపేసినవాళ్లు ఎంతమంది ఉంటారమ్మా?" అన్నారు. 

 ఆ రోజే మనుషుల్ని ఊళ్లకు పంపించి, అలా వెళ్లిపోయినవాళ్లని తిరిగి పిలిపించడం మొదలుపెట్టారు. తోముకోకుండా రమ్మని కబురు. ఆయన మీద నాకు అప్పటిదాకా భయం ఉండేది. గౌరవం ఆ రోజు నుంచి మొదలైంది. పిల్లలూ, మీ పై అధికారి తప్పే చెయ్యనివాడు కావాలని కోరుకోకండి, అలాంటివాడు దొరకడు. తప్పు తెలిసిన మరుక్షణం పనిలోకి దిగేవాడు దొరికితే వాడి దగ్గర ఎంతకాలమైనా పనిచెయ్యండి.

పెద్దాయన ముక్క తీశారు. ముక్కలో కూడా తేలింది. ఆపరేషన్ చెయ్యాలంటే కూర్మయ్య అడ్డం తిరిగాడు. "కత్తెడితే పాకదేటి బాబూ?" అన్నాడు.

"పాకొచ్చు," అన్నారు పెద్దాయన. "పాకదని నీకు ప్రమాణం చెయ్యలేను. కత్తి పెట్టకపోతే మాత్రం పాకడం ఖాయం. మీ ఆవిడ అప్పకి ఎవరూ కత్తి పెట్టలేదు కదా, మరి పాకలేదా?"

కూర్మయ్య తలొంచుకుని సరేనన్నాడు. అంత పెద్ద ఆపరేషన్ మా దగ్గర కుదరక విశాఖపట్నంలో జరిగింది. పెద్దాయన స్వయంగా వెళ్లి పక్కన నిలబడ్డారు. అంగిట్లో ఒక పక్క తీసేశారు. తీసిన ముక్క అంచులన్నీ పల్చగా కోయించి నేను చూశాను. అంచుల్లో చెడ్డ కణాలు లేవు. నోటికీ ముక్కుకీ మధ్య కన్నం మిగిలింది. పళ్ల డాక్టరు దానికి సరిపోయే రేకు ఒకటి, కట్టుడు పళ్ల సెట్టులా, చేసిచ్చాడు. అది పెట్టుకుంటే మాట్లాడగలదు, మింగగలదు. తీస్తే మాటంతా ముక్కులోంచి గాలై పోతుంది, ఒక్క అక్షరం తెలియదు. రేకు లేకుండా తవుడమ్మ భర్త ముందు కూడా ఉండేది కాదు. రాత్రి దీపం ఆర్పాకే తీసేదట.

ఏళ్ల తరబడి ఆవిడ వచ్చినప్పుడల్లా నేను ముందు మెడ తడిమేదాన్ని. గడ్డ ఎప్పుడూ తగల్లేదు. మనవల పెళ్లిళ్లు చూసి, ముసలితనంతో పోయింది.

ఇప్పటి పిల్లలకు

మేం పేరు తెలియకుండా పాకం అనుకున్నదానికి ఇప్పుడు పేర్లున్నాయి. కణాన్ని కణంతో పట్టి ఉంచే ప్రొటీను క్యాడ్హెరిన్. దానికి కాల్షియం కావాలి. ఆ ప్రొటీను తగ్గిపోతే కణం పొత్తు వదిలేస్తుంది. వదిలేసినంత మాత్రాన నడిచిపోదు. నడవాలంటే కాలికింద నేల దొరకాలి. ఆ నేలను పట్టుకునే ప్రొటీన్లు ఇంటిగ్రిన్లు. కణం ముందుభాగంతో పట్టుకుని, వెనకభాగంతో వదులుతూ పాకుతుంది. మరీ గట్టిగా పట్టుకుంటే కదల్లేదు, అసలు పట్టుకోకపోతే జారిపోతుంది. దారికి అడ్డొచ్చిన పొరల్ని కోసుకుపోయే ప్రొటీన్లు వేరే ఉన్నాయి. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. గోధుమరంగు తేలే పరీక్షతో క్యాడ్హెరిన్ ఉందో లేదో స్లైడు మీదే చూసేస్తారు. చూడండి, నాకు అసూయగా ఉంది.

కానీ ఒకటి అడుగుతాను. ఆ స్లైడు మీ బల్ల మీదికి వచ్చేలోపు దానికేం జరిగిందో మీకు తెలుసా? ఎవరు తీశారు, ఎలా తీశారు, తీసేముందు ఆ మనిషి ఏం చేసింది? క్యాన్సర్ లేదని సంతకం పెట్టడానికీ, నాకు కనిపించలేదని చెప్పడానికీ మధ్య ఒక ప్రాణం ఉంటుంది. మీ కంటికీ మీ పరికరానికీ పడకపోతే పరికరాన్ని వెనకేసుకురాకండి. బస్సెక్కి వెళ్లి మనిషిని చూడండి.

చామంతి

తవుడమ్మ ఆపరేషనైన మరుసటి ఏడు మేం వాళ్ల ఊరి బడిలో నోటి పరీక్షలు పెట్టాం. తవుడమ్మే ఇల్లిల్లూ తిరిగి అందర్నీ పోగుచేసింది. ఎవర్నీ నోరు తోముకోనివ్వలేదు. బడి గదిలో వాసనకి పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకోలేదు.

వరస మధ్యలో చామంతి వంతు వచ్చింది. ఆ పిల్ల కూడా పెళ్లికాక ముందునుంచే అడ్డపొగ తాగుతుంది. అంగిట్లో మంటగా ఉందని అత్తతో చెప్పిందట. కుర్చీలో కూర్చుంది కానీ నోరు తెరవదు. గుమ్మంలో కూర్మయ్య నిలబడి ఉన్నాడు, పక్కన ఊరి పెద్దలు నలుగురు. పెద్దాయన చెప్పి చూశారు. నేను చెప్పి చూశాను. తలొంచుకుని కొంగు కొరుకుతోంది తప్ప పెదాలు విడదియ్యదు.

"మావగారున్నాడమ్మా," అంది మెల్లగా. "రేపొత్తాను. తోముకుని వత్తాను."

కూర్మయ్యని బయటికి వెళ్లమందామని నేను లేవబోతున్నాను. ఈలోగా తవుడమ్మ ఆడవాళ్లని తోసుకుంటూ ముందుకు వచ్చింది. కోడలి ఎదురుగా నిలబడింది. రెండు వేళ్లు నోట్లో పెట్టి అంగిలి రేకు ఊడదీసి, అరచేతిలో పట్టుకుంది. తల వెనక్కి వాల్చి, కిటికీ వెలుతురు పడేలా తిరిగి, నోరు పూర్తిగా తెరిచింది. భర్త చూస్తుండగా, ఊరి పెద్దలు చూస్తుండగా, ఆ కన్నం అందరికీ కనిపించేలా అలాగే నిలబడింది.

ఏదో అంది కూడా. ముక్కులోంచి గాలి వచ్చింది తప్ప మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. కూర్మయ్య తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

చామంతి అత్త నోట్లోకి చూసింది. కొంగు వదిలేసి, నా వైపు తిరిగి, నోరు తెరిచింది.